వంపు తీసిన నది

‘గ్రీజ్’ అనే పాత హాలీవుడ్ సినిమాలో కార్ల పందెం ఒకటుంది. రెండు పక్కలా ఏటవాలు సిమెంటు గోడలు, మధ్యలో చదునైన సిమెంటు నేల, ఆ నేల నడుమ కాసిని నీళ్లు. కార్లు ఆ నీళ్లను చిమ్ముకుంటూ దూసుకుపోతాయి. ఆ తర్వాత ఎన్నో సినిమాల్లో ఆ సిమెంటు నేల కనిపించింది. చూసినవాళ్లలో చాలామంది అదేదో పెద్ద మురుగు కాలువ అనుకొని ఉంటారు. అది లాస్ ఏంజెలెస్ నది. 1938లో వరద నగరాన్ని ముంచెత్తాక ఇక దీనితో వేగలేమనుకున్నారు. అమెరికా సైన్యపు ఇంజినీర్లు దిగి, సుమారు 82 కిలోమీటర్ల నదిలో చాలా భాగానికి సిమెంటు తొడిగారు. వరద భయం చాలావరకు తీరింది. తమ ఊళ్లో ఒక నది ఉందన్న సంగతిని ఆ ఊరివాళ్లు దాదాపు మరిచిపోయి బతికారు.

నదిని ఇలా కాలువగా మార్చే పనికి ఇంజినీర్లు పెట్టుకున్న పేరు కెనలైజేషన్. వంపులు కోసి తిన్నగా చేస్తారు. నాలుగు పాయలుంటే మూడు మూసేస్తారు. గట్లకు రాతి కట్టు కడతారు, అడుగు తవ్వి లోతు చేస్తారు. పడవలు నడిచే నదుల్లో అయితే లాకులు కట్టి నీటిమట్టం నిలబెడతారు. ఏం చేసినా, నీరు మనం గీసిన గీత మీద పోవాలన్నదే కోరిక. వానాకాలం రాగానే మన నగరాల్లో వినిపించే డిమాండూ ఇంచుమించు ఇదే. నాలా వెడల్పు చేయండి, తిన్నగా చేయండి, గోడలు కట్టండి, వీలైతే పైన మూత వేయండి. మోకాటి లోతు నీళ్లలో వంటగిన్నెలు తేలుతుంటే అలా అడిగే మనిషిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

కాలువ అంటే తెలుగువాళ్లకు ప్రేమే తప్ప కోపం ఉండదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. మరో మూడేళ్లకు బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట లేచింది. ఆ రెంటి కాలువలు లేకుంటే డెల్టా పల్లెల చరిత్రే వేరుగా ఉండేది. కాలువలు కట్టేసే రోజు, మళ్లీ వదిలే రోజు ఎప్పుడో అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే ఆ కాలువ చేసే పని ఒకసారి గమనించండి. నదిలోంచి కొంత నీటిని పక్కకు తీసుకొని, మెరక మీదుగా నడిపించి, పెద్ద కాలువలోంచి పిల్ల కాలువలోకి, అక్కడినుంచి బోదెలోకి, బోదెలోంచి మడిలోకి పంచుతుంది. ఒకటిగా వచ్చిన నీరు వేల పాయలై నెమ్మదిస్తుంది, నేలలో ఇంకుతుంది. కెనలైజేషన్ దీనికి సరిగ్గా తలకిందులు. వేల చోట్ల ఆగుతూ, విస్తరిస్తూ వస్తున్న నీటిని పోగుచేసి ఒక్క దారిలో పెట్టి తొందరపెడుతుంది. రెంటినీ కట్టేది ఇంజినీర్లే, రెంటికీ గట్లూ షట్టర్లూ ఉంటాయి. అందుకే పైకి ఒక్కలాగే కనిపిస్తాయి.

ఈ తొందరపెట్టే విద్యలో పెద్ద పేరు యోహాన్ గాట్‌ఫ్రీడ్ టుల్లాది. 1770లో జర్మనీలోని కార్ల్స్‌రూయేలో పుట్టి, బాడెన్ రాజ్యంలో ఇంజినీరుగా ఎదిగినవాడు. ఆయన చూసిన రైన్ ఇవాళ పర్యాటకుల ఫొటోల్లో కనిపించే నది కాదు. బాజెల్ దిగువన లెక్కలేనన్ని పాయలుగా చీలి, లంకల మధ్య తిరిగి, ఇంకా కిందికి పోయాక పెద్ద పెద్ద మెలికలు వేసేది. పెద్ద వరద వచ్చిందంటే దారి మార్చుకునేది. కుడి ఒడ్డున ఉండే పల్లె ఎడమ ఒడ్డున తేలేది. కొట్టుకుపోయి, మరోచోట మళ్లీ కట్టుకున్న ఊళ్లున్నాయి. చిత్తడి నేలల్లో దోమలు, వాటితో మలేరియా. ఇవి చాలవన్నట్టు నదే రాజ్యాల మధ్య హద్దు కూడా. నది కదిలితే హద్దు కదిలేది, తగాదాలు మొదలయ్యేవి. టుల్లా 1812లో తన ప్రణాళిక రాసి ఇచ్చాడు. ఏ నదికైనా ఒక్క పడక చాలు, రైన్‌కు మాత్రం ఎక్కువెందుకు అన్నది ఆయన నమ్మకం.

1817లో పని మొదలైంది. క్నీలింగెన్ అనే పల్లెలో జనం అడ్డుపడితే సైనికులను కాపలా పెట్టి తవ్వించారు. మెలిక మెడ దగ్గర సన్నని కాలువ ఒకటి తవ్వి వదిలేసేవారు. మిగతా కోత నదే కోసుకునేది. వందల గజాల నుంచి మైళ్ల దాకా విస్తరించిన నదిని సుమారు 200 నుంచి 250 మీటర్ల వెడల్పులోకి సర్దారు. రెండు వేలకు పైగా లంకలు మాయమయ్యాయి. 1876లో పని ముగిసేసరికి బాజెల్‌కూ వోర్మ్స్‌కూ మధ్య రైన్ పొడవు 354 కిలోమీటర్ల నుంచి 273కు దిగింది. 81 కిలోమీటర్ల నది పటంలోంచి తప్పుకుంది. టుల్లా ఆ ముగింపు చూడలేదు. 1828లోనే పారిస్‌లో కన్నుమూశాడు.

మంచి జరగలేదంటే అబద్ధమవుతుంది. మలేరియా తగ్గుముఖం పట్టింది. కొత్త పొలాలు వచ్చాయి. వరదకు భయపడి ఊరు కదిలించే అవసరం పోయింది. జ్వరాలకు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకు ఆ తిన్నని నది ఎంత మేలు చేసిందో ఊహించలేనిది కాదు. అందుకే టుల్లాను పర్యావరణ ప్రసంగాల్లో దుర్మార్గుడిగా నిలబెట్టడం మాకు నచ్చదు.

ఖర్చు పద్దు మాత్రం తర్వాతి తరాలకు వచ్చింది. పొడవు తగ్గితే వాలు పెరుగుతుంది, వాలుతో వేగం పెరుగుతుంది. వేగం హెచ్చిన రైన్ తన అడుగును తానే కోసుకుంటూ లోతుకు దిగింది. దాని వెంట చుట్టుపక్కల భూగర్భ జలమూ దిగింది. ఒడ్డున తడి మీద బతికే అడవులు ఎండాయి. సాల్మన్ చేపలు పట్టేవాళ్లూ, ఇసుకలో బంగారు రేణువులు జల్లించుకునేవాళ్లూ వేరే పని వెతుక్కున్నారు. ఎగువ రైతుకు తప్పిన వరద దిగువ ఊళ్లకు ముందుకన్నా త్వరగా చేరసాగింది. ఇరవయ్యో శతాబ్దంలో వరుసగా కట్టిన జలవిద్యుత్ కేంద్రాలు ఆ తొందరను ఇంకొంత పెంచాయి. 1993 డిసెంబరులో కొలోన్ నగరపు పాతపేట మునిగింది. 1995 జనవరిలో మళ్లీ మునిగింది. అసలు కారణం భారీ వానలే. కానీ ఆ వాననీరు మధ్యలో ఆగడానికి ఒకప్పుడున్న చోట్లు అప్పటికే పొలాలై, కాలనీలై పోయాయి. ఇప్పుడు బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం వరద కాసేపు నిలవడానికి రైన్ వెంబడి 13 చోట్ల స్థలాలు సిద్ధం చేస్తోంది. వాటికీ కొన్ని ఊళ్లు అభ్యంతరం చెబుతున్నాయి. మా ఊరి పక్కన నీళ్లు నిలవొద్దంటున్నాయి. నది మళ్లించొద్దన్న క్నీలింగెన్ వాళ్ల తకరారు ఒకరకం, వీళ్లది ఇంకోరకం.

నది అసలు వంపులు ఎందుకు తిరుగుతుందన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. దీని మీద 1926లో వ్యాసం రాసినాయన అల్బర్ట్ ఐన్‌స్టీన్. టీ కప్పుతో మొదలుపెట్టాడు. టీని చెంచాతో గిరగిరా తిప్పితే టీ ఆకు అంచులకు చెదరాలి కదా, అడుగున మధ్యలో ఎందుకు పోగవుతుంది? పైన నీరు వేగంగా తిరుగుతుంది, అడుగున నీటిని గిన్నె రాపిడి ఆపుతుంది. దాంతో పై నీరు అంచుకు తోసుకుపోయి, గోడ వెంట కిందికి దిగి, అడుగు మీదుగా మధ్యకు వస్తూ ఆకును ఊడ్చుకొస్తుంది. నది వంపులోనూ అంతే. పై నీరు బయటి ఒడ్డును ఢీకొని కోసుకుంటూ దిగుతుంది, అడుగున ఉన్న ఇసుకను లోపలి ఒడ్డుకు నెట్టుకొస్తుంది. బయట మడుగు, లోపల ఇసుక తిన్నె. వంపు అలా పెరుగుతూనే ఉంటుంది, ఒకనాటికి మెడ తెగి నది కొత్త దారి పడుతుంది, మళ్లీ మరోచోట వంపు మొదలవుతుంది. చేపకు మడుగు కావాలి, గుడ్లు పెట్టే పక్షికి తిన్నె కావాలి, రేవుకు లోపలి ఒడ్డు కావాలి. ఇవన్నీ ఒక్క వంపులో దొరుకుతాయి. తిన్నగా, సమంగా తవ్విన కాలువలో ఇవేవీ ఉండవు. ఐన్‌స్టీన్ పెద్ద కొడుకు హాన్స్ అల్బర్ట్ నదుల్లో ఇసుక కదలిక మీదే జీవితమంతా పనిచేసి, కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఆచార్యుడయ్యాడు. ఆ ఇంట్లో టీ కప్పు ముచ్చట్లు ఎలా సాగేవో!

‘ఒక్క పడక చాలు’ అన్న ఆలోచన నదుల దగ్గరే ఆగలేదు. పత్రికల వాళ్లకు కెనలైజేషన్ అనే మాట మరో దారిన పరిచయం. 1956లో ఏర్పడ్డ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారానే విదేశాల నుంచి న్యూస్‌ప్రింట్ రావాలన్న రోజులుండేవి. కాగితం కోటా ప్రభుత్వం చేతిలో ఉండేది. 1972–73 విధానంలో పేజీలకు పది హద్దుగా పెడితే సుప్రీంకోర్టు కొట్టేసింది. పత్రికా స్వేచ్ఛ గురించి చదివే విద్యార్థులకు ఆ బెనెట్ కోల్‌మన్ తీర్పు ఇవాళ్టికీ పాఠమే. ఒకే చేతి మీదుగా కొంటే బేరం బాగా కుదురుతుంది, విదేశీ మారకం పొదుపవుతుంది అన్న వాదనలో పస లేకపోలేదు. డాలర్లు కరువైన దేశం అంతకన్నా ఏం చేయగలదు? కానీ సరుకు ఒకే దారిన వచ్చేటప్పుడు ఆ దారి మొదట్లో కూర్చున్నవాడే అందరికీ వరదా కరువూ నిర్ణయిస్తాడు. యూరియా దిగుమతి నేటికీ ప్రభుత్వం పేర్కొన్న సంస్థల ద్వారానే సాగుతోంది. సొసైటీల ముందు చెప్పులు, పాస్‌పుస్తకాలు వరుసలో పెట్టి కూర్చునే రైతుకు ఈ మాట తెలియకపోవచ్చు, దాని బరువు తెలుసు.

నదుల సంగతికే వస్తే, చేసిన పనిని వెనక్కి తిప్పిన చోటు కూడా ఒకటుంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం మధ్యన కిసిమీ నది ఉంది. ఒక సరస్సులో బయలుదేరి ఒకీచోబీ అనే మరో పెద్ద సరస్సుకు చేరేలోగా 166 కిలోమీటర్లు మెలికలు తిరిగేది. రెండు పక్కలా మైలు, రెండు మైళ్ల వెడల్పున చిత్తడి. ఏడాదిలో చాలా నెలలు అది నీటిలోనే ఉండేది. 1947 తుపానులు ముంచాక వరద నియంత్రణ కావాలని జనమే అడిగారు. 1962 నుంచి 1971 దాకా తవ్వి, దాన్ని 90 కిలోమీటర్ల తిన్నని కాలువ చేశారు. లోతు 30 అడుగులు, వెడల్పు 300 అడుగులు, పేరు సి-38. చిత్తడి ఎండి పచ్చిక బయలైంది, పశువులు దిగాయి. చలికాలంలో వచ్చే నీటిబాతుల్లో పదింట తొమ్మిదికి పైగా రావడం మానేశాయి. ఇదివరకు చిత్తడిలో ఆగి తేరుకునే నీరు ఇప్పుడు కాలువలో జారి, ఒండ్రుతో, ఎరువుల మురికితో నేరుగా దిగువ సరస్సులో పడసాగింది.

కాలువ తవ్వడం పూర్తయిన కొద్దికాలానికే దాన్ని పూడ్చాలన్న మాటలు మొదలయ్యాయి. 1992లో అమెరికా కాంగ్రెస్ అనుమతి ఇచ్చింది. 1999లో పూడ్చడం మొదలైంది, 2021లో ముగిసింది. సుమారు 35 కిలోమీటర్ల కాలువను మట్టితో నింపి, 70 కిలోమీటర్ల పాత నదిని మళ్లీ పారించారు. ఒక నీటి నియంత్రణ కట్టడాన్ని పేలుడు పదార్థాలతో కూల్చేశారు. ఖర్చు దాదాపు 100 కోట్ల డాలర్లు. తవ్వినదీ పూడ్చినదీ అదే సైన్యపు ఇంజినీర్ల విభాగం. కొంగలు, బాతులు తిరిగొచ్చాయి. ఇక్కడొక సంగతి చెప్పాలి. మధ్యభాగం మాత్రమే పూడ్చారు. ఇళ్లు ఉన్న పైభాగంలోనూ, దిగువ చివరలోనూ కాలువ కాలువగానే ఉంది. మొత్తం పాత రోజులకు పోవాలని ఎవరూ పట్టుబట్టలేదు.

పునరుద్ధరణ అని పిలిచేవన్నీ ఈ కోవలోకి రావు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో చంగ్యెచన్ అనే వాగును సిమెంటు మూత కింద పాతిపెట్టి, పైన ఎత్తైన రోడ్డు వేశారు. 2003లో ఆ రోడ్డును కూల్చి, 2005కల్లా 5.8 కిలోమీటర్ల వాగును బయటికి తెచ్చారు. మన నాయకులు, అధికారులు చూసివచ్చి మురిసిపోయే చోటు అది. అందంగానే ఉంటుంది, వేసవి సాయంత్రాల్లో నగరానికి చల్లదనం ఇస్తుంది. అయితే అందులో పారే నీటిలో చాలా భాగం హాన్ నది నుంచి పంపులతో తోడి పోసేది. పార్కుగా అది గొప్పదే, నది పనులు చేయమంటే మాత్రం దానికి చేతకాదు. జర్మనీలో మ్యూనిక్ నగరం 2000 నుంచి 2011 దాకా తన ఈజార్ నదిని ఎనిమిది కిలోమీటర్ల మేర విప్పింది. అక్కడ గట్లను వెనక్కి జరిపి, గులకరాళ్ల తిన్నెలు మళ్లీ ఏర్పడేందుకు చోటిచ్చారు. మన మూసీ ఒడ్డు గురించి మాట్లాడేవాళ్లు సియోల్‌తో పాటు మ్యూనిక్ కూడా వెళ్లొస్తే మంచిది.

మూసీ దగ్గర మనకే ఒక పాత పాఠం ఉంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద హైదరాబాద్‌ను ఊడ్చేసింది. పరివాహక ప్రాంతంలోని వందల చెరువుల్లో రెండు వందలకు పైగా ఒకదాని మీద ఒకటి తెగి ఆ నీరు నగరం మీద పడింది. మరుసటి ఏడు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరంలో నది గట్లు బాగు చేయమన్నారు కానీ అసలు వైద్యం ఊరి ఎగువన సూచించారు. వరదను అక్కడే పట్టి ఉంచి మెల్లగా వదలాలన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. నీటిని త్వరగా తరిమేయడం కంటే ఆలస్యంగా రానివ్వడం మీద ఆయన నమ్మకం పెట్టుకున్నారు. ఆ తర్వాత అదే నగరం చెరువులను మింగి, వాటిని కలిపే వాగులను బాక్స్ నాలాలు చేసి, పైన దుకాణాలు కట్టుకుంది. నాలాలోంచి నీరు త్వరగానే పోతుంది, కింది బస్తీ దాకా.

డెల్టాలో నీటిని ఇలా తొందరపెట్టే పనికి స్ట్రెయిట్ కట్ అని పేరు. డ్రెయిను మెలికలు తప్పించి నేరుగా సముద్రానికి కోసే కోత అది. చేలో ముంపు త్వరగా దిగుతుంది, రైతుకు ఎంతో మేలు. పోటు సమయంలో అదే తిన్నని దారిన ఉప్పునీరు లోపలికి ఎక్కివస్తుంది. రెంటినీ చూసిన రైతులను అడిగితే ఔననీ కాదనీ అంత తేలిగ్గా చెప్పరు.

ఇక బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, మెలికలు తిరుగుతూ బెజవాడ పక్కగా కొల్లేరుకు చేరే వాగు. దాని వరదలో కొంత ఊరి మీదికి రాకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో కలిపారు. మామూలు ఏడాదుల్లో ఆ ఏర్పాటు పనిచేస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో కొండల్లో కురిసిన వాన కాలువ మోయగలిగిన దానిని దాటింది. కృష్ణ కూడా అప్పుడే నిండింది. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం. ఎదురుగా నది ఆ మట్టంలో ఉంటే మళ్లింపు కాలువ నీరు ఎక్కడికి దిగుతుంది? గట్టుకు గండ్లు పడ్డాయి, బుడమేరు తన పాత పల్లానికి తాను వచ్చింది. ఆ పల్లంలో ఇప్పుడు అజిత్‌సింగ్‌నగర్ ఉంది, చుట్టూ కాలనీలున్నాయి. రోజుల తరబడి జనం పై అంతస్తుల్లో బిక్కుబిక్కుమంటూ గడిపారు. డ్రోన్లతో అన్నం పొట్లాలు వేయాల్సి వచ్చింది.

అప్పటినుంచి బుడమేరు గురించి వినిపించే మాటలు వెడల్పు, లోతు, గోడ. ఇవి కొంత కావాలి, కాదనలేం. సింగ్‌నగర్ వాసులను లేచి వెళ్లమనడం కుదిరే పని కాదు. వాళ్లలో చాలామంది అది వాగు పల్లమని తెలిసి కొన్నవాళ్లు కారు, తెలిసినా వేరే చోట కొనే స్తోమత లేనివాళ్లు. కానీ వాగును ఎంత వెడల్పు చేసినా అది చేరేది కొల్లేరుకే. బుడమేరుతో పాటు తమ్మిలేరు, రామిలేరు దిగేదీ అందులోకే, అక్కడినుంచి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాకెక్కిన ఆ సరస్సు గోదావరి, కృష్ణ డెల్టాల మధ్య వరదను పట్టి ఆపే తొట్టి. 2006లో అక్కడ చేపల చెరువుల గట్లు తెంచారు, తర్వాత మళ్లీ లేచాయి. పై నుంచి నీటిని రెట్టింపు వేగంతో పంపి, కింద ఆ తొట్టిలో సగం చేపల చెరువులకు వదిలేస్తే, బెజవాడలో తప్పిన ముంపు ఏలూరు, కైకలూరు వైపు పల్లెల్లో లెక్క తేలుతుంది.

కాబట్టి బుడమేరు కాగితాల మీద కాలువ వెడల్పు, లోతు అంకెల పక్కన మరికొన్ని గడులు ఉండాలి. వెలగలేరు ఎగువన చెరువులెన్ని, ఇప్పుడు వాటిలో పూడిక ఎంత, ఎన్నిటికి కలుజులు సరిగా ఉన్నాయి, వరద రోజున అవి ఎన్ని గంటలు నీటిని ఆపగలవు. కొండల నుంచి ఊరి దాకా వాగుకు ఇరువైపులా ఇంకా కట్టడాలు లేని పల్లపు పొలాలు ఎన్ని ఎకరాలు, అవి ముంపులో ఉన్న ఏడాది రైతుకు ఎంత పరిహారం ఇస్తారు. ఉప్పుటేరు ముఖం దగ్గర ఇసుక ఎంత మేట వేసింది. మొదటి రెండు అంకెలకు టెండర్లు పిలవడం తేలిక. మిగతావి లెక్కించడానికి లస్కర్లను, సర్వేయర్లను వేసవిలోనే ఊళ్ల మీదికి పంపాలి.